మచ్చికైన మనుబోతు

అడవిలో తల్లి చచ్చిన మనుబోతు పిల్లను మాసయ్య కోడేరులోని తన ఇంటికి తెచ్చాడు. "బర్రె లెక్క సాదుదమే. మచ్చికైతే మందనే పెంచొచ్చు, కూరకు కొదువుండదు," అన్నాడు భార్య రూతమ్మతో.

రూతమ్మ మేకపాలు పట్టి పెంచింది. అది గుర్రమంత ఎదిగింది. క్రిస్మస్‌కు కోద్దామని మాసయ్య కత్తి పట్టుకొని దగ్గరికెళితే, అది అతని భుజం నాకింది.

"నాతోని కాదే," అంటూ ఆ సాయంత్రమే దాన్ని గుట్ట దగ్గర మనుబోతుల మందలో వదిలి వచ్చాడు.

"మంచిపని చేసినవ్. యాడనో బతుకుతది," అంది రూతమ్మ.

తెల్లారి ఆ మంద మక్కచేన్లో పడింది. రైతులు బడితెలతో చుట్టుముట్టారు. అడవివైపు పరుగెత్తుతున్న వాటిలో తన పెంపుడుదాన్ని చూసి మాసయ్య గట్టు మీది నుంచి అరిచాడు.

"ఉరుకు బిడ్డా! ఆగకు, ఉరుకు!"

ఆ గొంతు గుర్తుపట్టి అది ఆగిపోయింది. మందను వదిలి, బడితెల మధ్య నుంచే అతని దగ్గరికి రాసాగింది.