తొందరపడకురా డప్పూ

డ్రమ్మరు మళ్ళీ తొందరపడ్డాడు. పాట రెండో చరణంలోకి రాగానే గొంతుకన్నా ముందు పరిగెత్తి, నాలిక కరుచుకుని, డ్రమ్స్ పుల్లలు ఒళ్ళో పడేసుకున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు హెడ్‌ఫోన్స్ తీయకుండానే.

స్టూడియో అద్దం అవతల రికార్డింగ్ ఇంజనీరు తల పట్టుకున్నాడు. పక్కనే గాయకుడి భార్య చల్లారిపోయిన టీ కప్పుతో కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ ఇదే వరస. ఏనాడో విడిపోయిన బ్యాండు మళ్ళీ కలిసి చేస్తున్న ఆల్బమ్‌లో ఈ ఒక్క పాటే మిగిలింది.

"రెండో చరణంలో వాడి గొంతు వెనకబడుతుందని నీకు తెలుసు కదరా," అన్నాడు గిటారిస్టు. "ఆ కాస్తా నువ్వే ఆగొచ్చుగా?"

"ఎప్పుడూ నేనే ఎందుకాగాలి? ఆల్బమంతా మన నెత్తిన రుద్ది, వాడు ఒక్క పాటతో చేతులు దులుపుకున్నాడు. అదైనా తిన్నగా పాడాడా?"

మామూలుగా డ్రమ్స్ వెంట గొంతు నడవాలి. ఈ పాటలో మాత్రం గొంతు వెంట డ్రమ్స్ నడవాలి. ఆ కాస్త తేడా దగ్గరే అప్పట్లో బ్యాండు ముక్కలైంది. వేలమంది ముందు "నీకు తాళం తెలీదు" అని గాయకుడి మొహం మీదే అనేసి, డ్రమ్మరు స్టేజి దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ముందు ఎవరు పలకరించాలన్న పంతంతోనే జుట్టు నెరిసిపోయింది. చివరికి పంతం వదిలింది గాయకుడే.

హెడ్‌ఫోన్స్‌లో గొంతు సవరించుకున్న చప్పుడు. వెనకే చిన్న నవ్వు.

"తొందరపడకురా డప్పూ."

ప్రతిసారీ పాటకు ముందు ఆ మాటే. డ్రమ్మరును డప్పు అని పిలిచేది గాయకుడొక్కడే. ఇన్నేళ్ళ తర్వాత వాడి నోట తన కోసం వచ్చిన మొదటి మాట కూడా అదే. డ్రమ్మరుకు ఏడుపొచ్చినంత పనైంది. రెండో చరణం వచ్చింది. మళ్ళీ ముందుకురికాడు.

"ఇంకోసారి."

"కావాలనే చేస్తున్నారండీ," ఇంజనీరు గాయకుడి భార్య దగ్గర గొణిగాడు. "ఇంత చెయ్యి తిరిగిన మనిషికి ఇదో లెక్కా?"

ఆమె లేచి, తలుపు తోసుకుని డ్రమ్మరు దగ్గరికి వచ్చింది.

"ఏం బాబూ, ఇంకా కోపం పోలేదా?"

"కోపం కాదు వదినా." అతను తల దించుకున్నాడు. "సారీ చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ తీశానో. వాడే చేస్తాడులే అని పెట్టేశాను."

"ఆయనా అంతే. మీ ఇద్దరి మొండితనం మధ్య నేను నలిగిపోయాను." ఆమె పుల్లలు తీసి అతని చేతిలో పెట్టింది. "ఇక సతాయించకు. ఆయన పాట పూర్తి కానివ్వు."

"ఇది కూడా అయిపోతే ఎలా వదినా?" అన్నాడు చంటిపిల్లాడిలా.

ఆమె దగ్గరికి జరిగింది. అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

మళ్ళీ గొంతు సవరింపు, నవ్వు, ఆ మాట.

"అలాగేరా," అన్నాడు డ్రమ్మరు మెల్లగా.

రెండో చరణంలో గొంతు వెనకబడింది. అతను ఆగాడు. అది తీరిగ్గా వచ్చి చేరేదాకా పుల్లను గాల్లోనే నిలిపి, అప్పుడు వేశాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఇద్దరూ కలిసే నడిచారు.

ఇంజనీరు చాలన్నట్టు చెయ్యెత్తాడు. గిటారిస్టు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. డ్రమ్మరు మాత్రం హెడ్‌ఫోన్స్ తీయలేదు.

"సారీరా," అన్నాడు.

జవాబు రాలేదు.

ఆ ఒక్క పాటా రికార్డు చేసి గాయకుడు చనిపోయి అప్పటికి ఏడాది దాటింది.