దిష్టి దారం

రోబో కదలడం లేదు.

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో బడిపిల్లల రోబో ఫుట్‌బాల్ ఫైనల్. గెలిచిన జట్టు పుణె పోతుంది. ఒకే దుకాణంలో కొన్న కిట్లేమో, రెండు రోబోలూ కవలల్లా ఉన్నాయి. ఒకటి బంతి వెంట పరుగెడుతోంది. రెండోది మూలుగుతోంది తప్ప ముందుకు పోవడం లేదు. గౌతమ్ రిమోట్ నొక్కుతూనే ఉన్నాడు.

“బ్యాటరీ పోయిందంటారా అండీ?” అంది పక్క కుర్చీలో ఆవిడ.

“ఏమోనమ్మా,” అంది కిష్టమ్మ.

అబద్ధం. చక్రానికి చుట్టుకున్న నల్లదారం ముందు వరసలోంచి ఆమెకి కనిపిస్తూనే ఉంది. పొద్దున పిల్లలు టిఫిన్‌కి పోయినప్పుడు బల్ల మీదున్న రోబోకి దాన్ని కట్టింది తనే. ఇంతమంది కళ్లు పడే చోట దిష్టి తగలదా మరి? భర్త జంగయ్య ఆటోకి ప్రతి అమావాస్యకీ ఇలాగే గవ్వ గుచ్చి కడుతుంది. దానికి ఇంతవరకూ గీత పడలేదు. ఆటోని కాపాడిన దారం రోబోని కాపాడదా అనుకుంది వెర్రితల్లి. తాడే పామై కరిచింది.

లేచి చెబుదామనుకుంది. చెబితే పిల్లల్ని పోటీలోంచే తీసేస్తారేమో. చెప్పకపోతే? గౌతమ్ చొక్కా చేతికి కళ్లు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు ఎదుటి జట్టు పిల్ల తన రోబోని ఆపేసి చెయ్యెత్తింది.

“సార్, జర ఆపుండ్రి. వాళ్ల చక్రంల ఏందో ఇరికింది.”

“గెలుస్తున్నది మీరే కదమ్మా!” అన్నాడు రెఫరీ.

“ఎరుకే సార్. టైం గూడ ఆపుండ్రి.”

మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో దారం లాగింది. చివరనున్న గవ్వ చూసి ఒక్క క్షణం ఆగిపోయింది.

“ఏంటది?”

“దారం ముక్క సార్,” అని జేబులో వేసుకుంది.

ఆట మళ్లీ మొదలైంది. ఈసారి గౌతమ్ రోబో ఆగలేదు. ఈల మోగేసరికి గెలుపు అతనిదే. హాలంతా చప్పట్లు. కిష్టమ్మకి మాత్రం చేతులు రాలేదు.

ఓడిన పిల్ల కుర్చీల మధ్య నుంచి నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. కిష్టమ్మ తలెత్తలేకపోయింది. తిడితే పడదామనుకుంది. ఆ పిల్ల తిట్టలేదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చెవిలో మెల్లగా అంది.

“మన రోబో గది గాదే అమ్మా, దాని పక్కది.”