బుధవారం మాత్ర

"బాబూ ఎమ్రిస్, ఈ రోజు ఏ వారం?"

ఫోన్ ఎత్తగానే అదే ప్రశ్న. హలో గిలో ఏమీ లేవు.

"బుధవారం, బ్లాడ్వెన్ గారూ. మాత్ర వేసుకునే రోజే."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"సరే అయితే. పొద్దున ఏమైనా తిన్నావా?"

"తిన్నానండీ."

అబద్ధం. టీ ఒక్కటే తాగాడు.

అది కీళ్ళవాతం మాత్ర. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మర్చిపోయి రోజూ మింగారో, నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణాల మీదికొస్తుంది. ఇలాంటివి కనిపెట్టుకుని ఉండడానికే ఆ ఆసుపత్రిలో ఎముకల వార్డుకీ, కీళ్ళవాతం క్లినిక్కీ కలిపి ఒక ఫార్మసిస్టును పెట్టారు. అతనే ఎమ్రిస్. పొద్దున తుంటి విరిగినవాళ్ళ మంచాల మధ్య తిరుగుతాడు. ఇంట్లో ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్‌కి ముందు ఏది ఆపాలి, ఏది ఆపితే కొంప మునుగుతుంది, అన్నీ చూస్తాడు. ఆ తర్వాత కీళ్ళవాతం వాళ్ళ ఫోన్లు. ఎంత పనిచేస్తాడో అని అందరూ మెచ్చుకుంటారు. ఇంటికెళ్ళే తొందర లేనివాడు పని చెయ్యక ఏం చేస్తాడు?

మూడేళ్ళ కిందట అతని భార్య కార్లో సామాను సర్దుకుని కార్డిఫ్ నగరానికి వెళ్ళిపోయింది. కుక్కను కూడా తీసుకుపోయింది. అప్పట్నుంచీ సాయంత్రాలు కొండల మధ్య లోయలో ఉన్న ఆ ఇంట్లో బయట వాన, లోపల కెటిల్ చప్పుడు. మాట్లాడదామంటే గోడలే దిక్కు. వారం మొత్తంలో అతను ఎదురుచూసేది ఆ ఒక్క ఫోన్ కోసమే. ఎనభై దాటిన ముసలావిడ ఫోన్ కోసం! చెప్పుకుంటే నవ్వుతారు గానీ, నిజం.

"ఏమయ్యా, నీ బుధవారం భామేనా?" అని నర్సు కెర్రీ ఏడిపిస్తుంది.

ఆ బుధవారం డాక్టర్ పెన్రీ అక్కడే ఉంది. అంతా విన్నది.

"ఈవిడ ప్రతి వారం ఇలాగే అడుగుతుందా?"

"అవును. మూడేళ్ళుగా."

"మూడేళ్ళా! నీకేమైనా మతిపోయిందా ఎమ్రిస్? వారం గుర్తులేని మనిషి చేతిలో ఈ మాత్ర పెడతామా?"

ఆ మాట నిజానికి ఎమ్రిస్ అనాల్సింది. ఇంకొకరైతే మొదటి నెలలోనే తనే పట్టుబట్టి ఆపించేవాడు. మరి ఈవిడ విషయంలో ఎందుకు ఊరుకున్నాడు? మాత్ర ఆపితే ఫోనూ ఆగుతుందని. అది తట్టేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పిలిపించు. జ్ఞాపకం ఎలా ఉందో నువ్వే పరీక్ష చెయ్యి. తేడా ఉంటే ఆ క్షణమే ఆపెయ్," అంది డాక్టర్.

ఆపితే బ్లాడ్వెన్ వేళ్ళు మళ్ళీ కొంకర్లు పోతాయి. మిగతా మందులన్నీ ఎప్పుడో వాడి చూశారు. ఒంటికి పడింది ఇదొక్కటే. ఆ వేళ్ళతోనే ఆవిడ ప్రతి ఆదివారం చాపెల్‌లో ప్రార్థన పాటలకి ఆర్గన్ వాయిస్తుంది. పెళ్ళయినప్పట్నుంచీ వాయిస్తూనే ఉంది.

శుక్రవారం బ్లాడ్వెన్ వచ్చింది. తడిసిన కోటు, చంకలో ఒక రేకు డబ్బా.

ఎమ్రిస్ కాగితాలు ముందేసుకున్నాడు.

"ఈ రోజు ఏ వారమండీ?"

"శుక్రవారం."

తేదీ అడిగాడు. చెప్పింది. వందలోంచి ఏడేడు చొప్పున తగ్గించమన్నాడు. అతను సరిచూసుకునే లోపే గబగబా దిగిపోయింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న చిరునామా ఇంటి నంబరుతో సహా అప్పజెప్పింది.

"మాత్రలు ఎలా వేసుకుంటున్నారు?"

"బుధవారం పొద్దున ఇది. శుక్రవారం ఫోలిక్ యాసిడ్. వేసుకునే వచ్చాను. ఇదిగో పెట్టె, లెక్క చూసుకో."

చూసుకున్నాడు. ఒక్కటి తేడా లేదు.

హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మాత్ర ఆపక్కర్లేదని రాసి సంతకం పెట్టేశాడు. పెట్టాక కోపం వచ్చింది.

"మీకు అన్నీ భేషుగ్గా గుర్తున్నాయి కదా! మరి వారం వారం ఆ ఫోనేమిటండీ? నా ఉద్యోగానికే ఎసరొచ్చేది. ఇంట్లో ఒక్కరే తోచక చేస్తున్నారా?"

"నేనా? తోచకా?" పకపకా నవ్వింది బ్లాడ్వెన్. "కొడుకు, కోడలు, నలుగురు మనవలు, ఒక మునిమనవడు. మా ఇంట్లో స్నానాల గది ఖాళీ దొరకడమే గగనం. నీకు ఫోన్ చెయ్యాలంటే చలిలో పెరటి షెడ్డులోకి పోయి తలుపేసుకుంటున్నాను."

"మరెందుకు?"

ఆవిడ రేకు డబ్బా మూత తీసింది. పెనం మీద కాల్చిన కేకులు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"ముందు ఇది తిను. పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదు ఆ మొహం."

తిన్నాడు. ఇంకోటి చేతిలో పెట్టింది. అదీ తిన్నాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గుమ్మం దగ్గరున్న కెర్రీకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"మూడేళ్ళ కిందట మాత్ర ఎలా వేసుకోవాలో అడుగుదామని నేను మొట్టమొదటిసారి ఫోన్ చేసినప్పుడు, ఈ రోజు ఏ వారమో తెలియక నన్నడిగింది నువ్వు, నాన్నా."