తలుపు దగ్గరి మంచం

"బీరువాను గోడకు బిగించినవ్, సరే. అవ్వ మంచం ఫ్యాను కింది నుంచి జరిపినవ్, అదీ సరే. గిప్పుడు గొళ్లెం ఎందుకు పీకుతానవయ్యా?"

భార్య నవనీత నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. సిద్దిరాములు ఒంట్లో బలమంతా స్క్రూడ్రైవర్ మీద వేసి తిప్పుతున్నాడు. తుప్పు పట్టిన స్క్రూ రానంటే రానంటోంది.

"కోతులు సొరబడితే?"

"సొరబడనీ. తింటే తిననీ."

కొత్తవాడలో బతికేవాడు అనాల్సిన మాటేనా అది? పక్కింటికి పోయినా తలుపు బిగించి పోవాల్సిందే. లేకుంటే తిరిగొచ్చేసరికి బియ్యం డబ్బా బోర్లా పడి ఉంటుంది. నవనీత నెత్తి కొట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఆమెకు చెప్పి ఒప్పించే టైం లేదు. మధ్యాహ్నానికల్లా హసన్‌పర్తి నుంచి చెల్లెలు కళావతి వస్తుంది. అవ్వను తీసుకుపోతుంది. ఈలోగా ఈ ఇంట్లో ఏ భయమూ లేదని అవ్వ నమ్మాలి. నమ్మకపోతే తన బతుకు బతుకు కాదు.

అతని తల్లి పేరు రాజవ్వ. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలుగా మంచంలోనే ఉంది. వారం కిందట, పొద్దున్నే, మేడారం దిక్కు భూమి కదిలింది. వరంగల్ దాకా ఇళ్లు ఊగాయి. గట్టిగా నాలుగైదు సెకన్లు, అంతే. నవనీత పాలకు పోయింది. ఇంట్లో ఉన్నది తల్లీకొడుకులే. కొత్తవాడకు కొత్తవాడ రోడ్డు మీదికి ఉరికొచ్చింది. ఆ గందరగోళంలోనే సిద్దిరాములు తల్లిని చంటిపిల్లలా రెండు చేతుల మీద ఎత్తుకురావడం నలుగురూ చూశారు.

ఆ పొద్దు నుంచి రాజవ్వది ఒకటే మాట.

"నన్ను బిడ్డ దగ్గర దింపుండ్రి."

ఎందుకంటే చెప్పదు. సిద్దిరాములు ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం గోడ వైపు తిప్పుకుంటుంది. "ముసలి పానం, జడుసుకున్నది" అన్నారు వాడవాళ్లు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఇంకొకరు నిమ్మకాయ దిగదీయమన్నారు.

సిద్దిరాములు అవేమీ నమ్మలేదు. ఇల్లు పట్టుకున్నాడు. మగ్గం మీద జంపఖానా సగంలోనే ఆగిపోయింది. ఫోన్‌లో వీడియోలు చూసి బీరువాకు క్లాంపులు వేశాడు. గోడల మీది పటాలు దించాడు. అటక మీది ఇత్తడి బిందెలన్నీ కిందికి తెచ్చాడు. గ్యాసు బండను పెరట్లోకి మార్చాడు. టార్చి, మందులు, నీళ్ల బాటిల్, ఆధార్ కార్డులు ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన మేకుకు తగిలించాడు. మంచం తలుపు దగ్గరికి చేర్చి, కాళ్లకు చక్రాలు కూడా వేయించాడు. అయినా అవ్వ మాట మారలేదు.

స్క్రూ ఊడింది. గొళ్లెం చేతిలోకొచ్చింది. దాన్ని అవ్వ మొహం ముందు పెట్టి చూపించాడు.

"సూడవ్వా. ఇగ ఇంటికి గొళ్లెమే లేదు. తలుపు ఎప్పుడు తోస్తే అప్పుడే తెరుసుకుంటది. ఆగు, ఇదొకటి సూడు."

మంచాన్ని గుమ్మం బయటికి తోశాడు. చక్రాలు గడప దగ్గర ఒక్క కుదుపు కుదిపి అరుగు మీదికి దూసుకుపోయాయి.

"ఆరు సెకన్లు! ఆరే ఆరు!"

రాజవ్వ మంచం పట్టెలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

ఎదురింటి ఎల్లస్వామి బీడీ ఆర్పి నవ్వాడు. "ఏం కొడుకును కన్నవే రాజవ్వా! నేనైతే మా అవ్వను మర్సిపోయి ఉరికేటోన్ని."

"ఊకో ఎల్లస్వామీ!" సిద్దిరాములు ఒక్క అరుపు అరిచాడు. ఎల్లస్వామి బిత్తరపోయాడు. మెచ్చుకుంటే కసురుతాడేంది ఈ మనిషి అనుకుంటూ లోపలికి నడిచాడు.

ఆటో రానే వచ్చింది. కళావతి దిగి ఇల్లంతా కలియజూసింది. సంచి చూసింది, చక్రాలు చూసింది, అన్న చేతుల మీది బొబ్బలు చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"అవ్వా, ఈన్నే ఉండరాదే? అన్న ఇంత జేసిండు. మా ఇంట్ల ఏమున్నది? మొన్నటి దెబ్బకు గోడలు రెండూ పగుళ్లిచ్చినయ్. రాత్రి పండుకుంటే నాకే భయమైతాంది."

"ఆ పగుళ్ల ఇల్లే నయం బిడ్డా" అంది రాజవ్వ.

సిద్దిరాములు మంచం పక్కనే కూలబడి తల్లి పాదాలు పట్టుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, వాడంతా చూస్తోందన్న సోయి కూడా లేదు.

"ఏం జేస్తే ఉంటవో చెప్పవ్వా. ఇల్లు కూలగొట్టమంటే కూలగొడ్త. రేకుల షెడ్డు ఏస్త. పొద్దుందాక నీ మంచం పట్టుకొని కూసుంటా. పోకవ్వా. నీ కాల్మొక్త, పోకు."

ఆటో డ్రైవర్ మొహం తిప్పుకున్నాడు. నవనీత కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజవ్వ వారం రోజుల్లో మొదటిసారి చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది. వంగమన్నట్టు మెల్లగా నొక్కింది. అతను చెవి దగ్గరికి తెచ్చాడు.

"ఇల్లు మంచిగనే ఉన్నది కొడుకా. పాపం, ఇల్లేం జేసింది?" అంది, కూతురికి, కోడలికి వినపడనంత మెల్లగా.

భూమి కదిలిన ఆ పొద్దు, వెనక్కొచ్చి అవ్వను ఎత్తుకోకముందు, ఒక్కడే బయటికి ఉరికిన సిద్దిరాములు, మంచంలోంచి "రాములూ" అని రెండు చేతులూ చాచిన తల్లిని కళ్లారా చూస్తూనే, కోతులొస్తాయని రోజూ చేసినట్టే తలుపు లాగి, బయట గొళ్లెం పెట్టి మరీ పోయాడు.