పేరు చెప్పని అక్కర

“ఎక్కడున్నవ్ జెఫ్రీ? సైట్ మళ్ళా పడ్డది,” హెడ్‌సెట్‌లో మేనేజర్ అశోక్‌కుమార్ గొంతు ఖంగుమంది.

“ఆస్పత్రిలోనే సార్. నాన్నకి ఏం బాగాలేదు,” అన్నాడు జెఫ్రీ, గొంతు వీలైనంత తగ్గించి.

“మరి ఆ పాటలేంది?”

“పక్కనే చర్చి ఉంది సార్.”

పక్కన కాదు, చర్చిలోనే ఉన్నాడు. బెంగాలీ పేటల నడుమ ఉన్న టికియాపారా తెలుగు చర్చిలో, వెనక గోడకి ఆనించి ప్లైవుడ్‌తో కట్టిన మైకు గదిలో. నాన్న భీమిలిలో ఉన్నాడు. పొద్దున్నే రేవులో కొన్న వంజరం చేపని ఎత్తి పట్టుకుని ఫొటో కూడా పంపాడు.

న్యూ టౌన్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆదివారం, సోమవారం అన్న తేడా లేదు. ఒకసారి చర్చిలో ఉన్నానని నిజం చెబితే, అశోక్‌కుమార్ మీటింగులో అందరి ముందూ దులిపేశాడు. ఆ తర్వాతి ఆదివారమే జెఫ్రీ నాన్నని మంచాన పడేశాడు. ఇక వారం వారం జబ్బు ముదురుతూ వచ్చింది.

చర్చి వదల్లేడు. చాందినీ మార్కెట్లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు ఏరుకొచ్చి ఏదో ఒకటి తయారు చేయడం అతనికి పిచ్చి. ఆ పిచ్చిని మెచ్చుకునే చోటు లోకంలో ఇదొక్కటే. మూలన పడిన మిక్సర్‌ని బాగుచేసింది అతనే. లాప్‌టాప్‌నీ, హెడ్‌సెట్‌నీ దానికే తగిలించుకున్నాడు. ఒక చెవిలో ప్రసంగం, ఇంకో చెవిలో ఆఫీసు. తన మాటలు హాల్లో వినపడకుండా స్పీకర్లకి వెళ్ళే మీట ఒక్కటీ మూసేసేవాడు.

అన్నిటికన్నా గొప్పది యెషయా తాత చెవి యంత్రం. రైల్వే షెడ్డులో ఇంజన్ల మధ్య వినికిడి పోగొట్టుకున్న మనిషి, చెవి దగ్గర గట్టిగా చెబితేనే వినపడేది. మిక్సర్‌లోకి వచ్చే శబ్దమంతా వైరు లేకుండా నేరుగా చెవిలోకి వినపడేలా జెఫ్రీ చేసిచ్చాడు. పెట్టుకున్న రోజునే తాత పొంగిపోయాడు. “గుసగుసలు కూడా వినపడతన్నాయి బాబూ!” పాస్టరుగారు సంఘమంతటి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లప్పుడు కూడా ఆఫీసు లెక్కలో జెఫ్రీ ఆస్పత్రిలోనే ఉన్నాడు.

అప్పటినుంచి తాత వాక్యం వింటూ ఏడ్చేవాడు. పాస్టరుగారి హాస్యానికి అందరూ పకపకా నవ్వుతుంటే, ఆయన ఒక్కడే తువ్వాలుతో కళ్ళు ఒత్తుకునేవాడు. భక్తంటే అది అనుకునేవాడు జెఫ్రీ. తన మీద తనకే రోత పుట్టేది.

“ప్రార్థన అక్కరలు ఉన్నవాళ్ళు చెప్పండి,” అన్నారు పాస్టరుగారు.

యెషయా తాత బెంచీ పట్టుకుని లేచాడు. “నాకొక అక్కరుంది. పేరు సెప్పను. దేవుడికి తెలుసు.”

నెల రోజులుగా ఇదే మాట. ఈసారి మాట పూర్తవుతూనే కాళ్ళు తడబడి, బెంచీ మీదికి ఒరిగిపోయాడు. అందరూ పరుగెత్తారు.

జెఫ్రీ సగం లేచాడు.

“లైన్ల ఉన్నవా? నేను చెప్పేది ఇంటున్నవా?” అన్నాడు అశోక్‌కుమార్.

“ఉన్నాను సార్,” అంటూ మళ్ళీ కూర్చున్నాడు. మైకు గది అద్దంలోంచి తాతని మోసుకెళ్ళడం చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, కానీ లేవలేదు.

కాల్ అయ్యాక వరండాలోకి వెళ్ళేసరికి తాత కుర్చీలో తేరుకుంటున్నాడు. కూతురు మేరీరాణి జెఫ్రీని పక్కకి లాగింది.

“తమ్ముడూ, మా నాన్న ఉపాసాలుంటన్నాడు. సుగరు మనిషి. నిన్న రాత్రి నుంచి ముద్ద ముట్టలేదు. ఎవరి కోసమో ఏటో సెప్పడు. ఇలాగయితే మాకు దక్కడు. నువ్వంటే పానం ఆయనకి. నువ్వడుగు.”

అడిగే ముఖం ఎక్కడుంది? ఆయన పడిపోయినా కుర్చీలోంచి లేవని మనిషి తను. అయినా టీ గ్లాసు, రెండు బిస్కెట్లు పట్టుకుని వెళ్ళి తాత కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన చెవి వైపు గొంతు పెంచాడు.

“తాతా, ఇవి తినండి. నా మాట వినండి. మీ అక్కర ఏమిటో నాకు చెప్పండి. ఎవరికీ చెప్పను.”

తాత బిస్కెట్ల వైపు చూడలేదు. చెవిలోని యంత్రం మెల్లగా తీసి, జెఫ్రీ అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు.

“తింటాను బాబూ. ముందు నువ్వొక మాట సెప్పు,” అన్నాడు గుసగుసగా.

జెఫ్రీ తలూపాడు.

“ఆస్పత్రిలో మీ నాన్నకెలాగుంది?”