ఏమీ తెలియని కంప్యూటర్

కంప్యూటర్ తెరమీద చాయ్ కప్పు బొమ్మ వచ్చింది.

"చాయ్!" అన్నది సత్తమ్మ.

"మీరు కాదమ్మా, మీ ఆయన చెప్పాలి," నవ్వింది డాక్టర్ శారద. పక్షవాతం వచ్చినకాడి నుంచి మూడు నెలలుగా మొగిలయ్యకు మాట లేదు.

"ఆయనకేం గావాల్నో నాకెర్కనే గద!"

"అందుకే ఆయన మెదడు మాటలు వెతుక్కోవట్లేదు. ఈ కంప్యూటర్‌కి ఏమీ తెలీదు. అది ఆయన చెప్పేదాకా ఆగుతుంది."

నాచారంలో ఇంటికొచ్చి సత్తమ్మ మొగిలయ్యకు అన్నం పెట్టింది. మొదటి ముద్దకే మొగిలయ్య ముఖం చిట్లించిండు. కూరలో ఉప్పు మరిచిపోయినట్టు సత్తమ్మకు తెలిసిపోయింది. అలవాటుగా ఉప్పు డబ్బా అందుకున్నది. అంతలోనే ఆగి, కొంగు కింద దాచుకున్నది.

"ఏం గావాలె?"

మొగిలయ్య గుడ్లురిమిండు. చెమటలు పట్టినయి.

"ఉ... ఉప్పు!"

సత్తమ్మ కండ్లు తుడుచుకుంట డబ్బా ఇచ్చింది.

"రేపు చారుల చింతపండు మర్సిపోత!"