ఊరు నొక్కండి

“రేగోడ్ బస్సెప్పుడు?” అని అడిగితే కంప్యూటర్‌కు పూనకం వచ్చింది.

తెర మీద మెనూ ఆగకుండా పరుగులు తీస్తోంది.

“ఏం నొక్కినవ్ పెద్దయ్యా?” రజని తల పట్టుకుంది.

“ఊరు నొక్కుమని రాసినవ్ గద బిడ్డా. రేగోడ్‌కు ఆర్ నొక్కిన. బస్సు బోర్డు మీద గదే ఉంటది.”

“ఊరి ముందర నంబరుంది. గది నొక్కాలె! ఒకటి శివ్వంపేట, రెండు రేగోడ్, మూడు శంకరంపేట.”

“మరి నంబర్ నొక్కుమని రాయకపోతివి?”

రజని కాగితం మీద ‘నంబర్’ అని రాసుకుంది.

కొత్త రాష్ట్రం వస్తుందా, రాదా అని మెదక్ అంతా వాదించుకుంటున్న రోజులవి. కంప్యూటర్ మాత్రం ముందే వచ్చేసింది. చెప్పుల దుకాణం గౌహర్ సేట్ బస్టాండ్ ఎదుట కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళే తక్కువ.

“తొడిగి నడిచి చూడకుండ చెప్పులెవడన్న కొంటడా?” అని సేట్ ఒక కంప్యూటర్‌ను వరండాలో పెట్టించాడు.

దానికి బస్సు వేళలు చెప్పే ప్రోగ్రాం కావాలి. శనివారం జనం ముందు ఎవరిది నిలబడితే వాళ్ళకే సెంటర్‌లో నౌకరి. అక్కడ నేర్చుకుంటున్నవాళ్ళలో పోటీకి ఇద్దరే సిద్ధమయ్యారు. అందాకా ప్రోగ్రాంను జనం చేత నొక్కించి చూసుకోవడానికి ఉదయం వరండాలో రజని వంతు, మధ్యాహ్నం కృష్ణమోహన్ వంతు.

నౌకరి దొరక్కపోతే కంప్యూటర్ చదువు బంద్, శివ్వంపేటకు వచ్చి ఇంట్లో కూర్చోవాలని రజని తండ్రి ముందే తేల్చేశాడు.

మరునాడు ఉదయం ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఆర్ నొక్కాడు.

‘నంబర్ నొక్కండి’ అంది తెర.

“శబాష్!” అంటూ మెనూలో లేని తొమ్మిది నొక్కాడు. తెర నల్లబడి ఊరుకుంది.

“తొమ్మిది ఎందుకు నొక్కినవ్?”

“ఉన్నది గద, నొక్కిన.”

రజని పళ్ళు కొరికింది. కానీ సాయంత్రానికి అదీ సరిచేసింది.

శుక్రవారం ఆయన అక్షరం నొక్కాడు, తొమ్మిది నొక్కాడు. ఏమీ కాలేదు. మెనూలో ఆఖరి మాట చదివి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“నాలుగు... పో. గిదేంది బిడ్డా? ఇంటికొచ్చినోన్ని పో అంటరా?”

“అది ఎగ్జిట్ పెద్దయ్యా. పనైనంక బయటికొచ్చేటందుకు.”

“ఊరికి బయలెల్లేటోడు పోయొస్త అంటడు గని, వాన్ని పట్టుకొని పో అంటమా? నేనైతే నొక్క.”

వెనక నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. రజనికి ఒళ్ళు మండింది.

“రేపు సేట్ చూస్తడు. నీకు దండం పెడ్త, రేపు మాత్రం రాకు!”

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

అయినా రజని ‘పో’ తీసేసి ‘పోయొస్త’ అని రాసింది.

శనివారం వరండా నిండా జనం.

ముందు కృష్ణమోహన్ ప్రోగ్రాం పెట్టారు. రంగురంగుల మెనూ చూసి సేట్ మురిసిపోయాడు. కానీ అమ్మేవాడి మురిపెంతో సరుకు నిలవదు, కొనేవాడి వేలికి తట్టుకోవాలి. శంకరంపేట సిద్దమ్మ ముందుకొచ్చి చేతికందిన అక్షరం నొక్కింది. రంగులన్నీ ఉరుకులు పరుగులు!

తర్వాత రజనిది. అదే సిద్దమ్మ మళ్ళీ అక్షరం నొక్కింది. తొమ్మిది నొక్కింది. ఎన్నిసార్లు తప్పు నొక్కినా, ‘నంబర్ నొక్కండి’ అని తెర ఓపిగ్గా చెప్పింది. చివరికి బస్సు వేళ తెలిసింది.

“అయిపోతే నాలుగు నొక్కు అవ్వా. పోయొస్త అని.”

సిద్దమ్మ నాలుగు నొక్కి, “మంచిది బిడ్డా, పోయొస్త” అని కంప్యూటర్‌కు చెప్పి మరీ కదిలింది. వరండా అంతా గొల్లుమంది.

“గిదీ సరుకంటే! ఎంత గుంజినా తెగలే,” అన్నాడు సేట్. “బేటీ, సోమారం నుంచి నౌకరికొచ్చెయ్.”

గెలుపు ఎవరి చలవో రజనికి అప్పుడు లెక్క తేలింది. జిలేబీ పొట్లం కొని రోడ్డు దాటింది.

ముసలాయన బస్టాండు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

“పెద్దయ్యా, నీ పుణ్యాన నౌకరి దొరికింది! నువ్వు చెడగొట్టకుంటే నాది నిలవడకపోతుండె. నిన్న తిట్టిన, మనసుల పెట్టుకోకు.”

“మస్తు మంచిగైంది బిడ్డా!” ఆయన ముఖం నిజంగానే విచ్చుకుంది. జిలేబీ నోట్లో వేసుకున్నాడు.

“మరి మధ్యాహ్నం ప్రోగ్రాం ఎందుకు ముట్టలే? నొక్కితే అది గూడ బాగైతుండె గద.”

“పోయిన బిడ్డా. నీకేం తెల్వదు, దూరం జరుగు అన్నడు. నువ్వు తిట్టుకుంటనన్న ముట్టనిచ్చినవ్.”

అప్పుడే కృష్ణమోహన్ రోడ్డు దాటి వచ్చి, తల వంచుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

“నాయినా, మన ఊరి బస్సు ఇంకోటి ఎక్కుదాం గని, లోపలికొచ్చి నాది గూడ జర నొక్కి చూడు,” అన్నాడు.